ఈల టీచరు వైను నేర్చిన వైనం

ఆ బడిలో చదువుకున్న ఆడపిల్లల్లో ఎవరినడిగినా ఆమె అసలు పేరు చెప్పలేరు. ఈల టీచరు అంటే మాత్రం తెలియకుండానే వెన్ను నిటారుగా పెట్టి నిలబడతారు. ఆటల టీచరుగా చేరిన నాటి నుంచి రిటైరైన నాటి వరకు ఆమె మెడలో ఈల లేని రోజు లేదు. ఆమె మైదానంలో ఈల ఊదితే పక్క వీధిలో సైకిళ్లు కూడా ఆగేవని చెప్పుకుంటారు. అందులో కొంత కోత ఉంటే ఉండవచ్చు గానీ, ఆమె ముక్కుసూటి మనిషన్న మాటలో ఆవగింజంత కోత లేదు. హెడ్మాస్టరమ్మ ముచ్చటపడి కొనుక్కున్న కొత్త జోళ్లు చూసి, "ఇవి కంటికి బావుంటాయి గానీ మడమకి మంచివి కావు మేడం" అని స్టాఫు రూములో అందరి ముందూ కుండ బద్దలు కొట్టిన మనిషి ఆమె.

ఆమెకు రెండు పట్టింపులుండేవి. తాను చేయని పని ఇంకొకరికి నేర్పకూడదన్నది మొదటిది. బడిలో ఈటె విసరడం నేర్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చేనాటికి ఆమె ఈటెను తాకి కూడా ఎరగదు. సెలవురోజుల్లో ఖాళీ మైదానంలో ఒక్కతే విసిరి విసిరి, తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవని స్థితికి వచ్చాక గానీ పిల్లల చేతికి ఈటె ఇవ్వలేదు. "దిగితే గాని లోతు తెలీదర్రా" అనేది. రెండో పట్టింపు మందూ సిగరెట్టూ. వాటి పేరెత్తితే చాలు, ఆమె ముక్కుపుటాలు అదిరేవి. "మీ ఊపిరితిత్తులు మీ ఒక్కరి సొత్తు కాదు, జట్టు సొత్తు" అని ఏటా కొత్తగా చేరిన పిల్లలందరికీ బల్లగుద్ది చెప్పేది. ఈ రెండు పట్టింపులూ ఒకదాని జుట్టు ఒకటి పట్టుకునే రోజొకటి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

రిటైరయ్యాక ఆమె కొడుకు దగ్గర ఉండసాగింది. కొడుకు లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసేవాడి ఇల్లు మాత్రం లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తు. అరిగిపోయిన మోకాళ్లతో ఆ మెట్లెక్కేటప్పుడు, "చెప్పులు కుట్టేవాడి పెళ్లాం కాళ్లకి చెప్పుల్లేవన్నట్టుందిరా నా బతుకు" అని కొడుకును దెప్పేది. వాడు నవ్వి చెయ్యి అందించేవాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకునేది కాదు.

కోడలు పెద్ద హోటల్లో పనిచేసేది. వచ్చినవాళ్లు కోరింది రాసుకుని వడ్డించే పనిలో చేరింది. చురుకుదనం చూసి, వడ్డనంతా చూసుకునే పెద్ద స్టూవార్డు ఆమెను వైను విభాగంలోకి మార్చాడు. ఏ వంటకానికి ఏ వైను నప్పుతుందో చెప్పి, సీసా తెచ్చి, చూపించి, తెరిచి పోయడం ఆమె పని. కింది అంతస్తులో ఉండే దర్జీ ఆవిడ "మీ కోడలు ఏం చేస్తుంది?" అని అడిగినప్పుడు ఈల టీచరు ముక్కుసూటితనం ఎందుకో కాస్త వంకర తిరిగింది. "హోటల్లో సూపర్‌వైజరు" అనేసి గబగబా మెట్లెక్కింది. అత్తాకోడళ్ల మధ్య గొడవలేమీ లేవు. అలాగని పెద్దగా మాటలూ లేవు. ఒకరి దారికి ఒకరు అడ్డం రాకుండా, ఒకే ట్రాకు మీద వేర్వేరు గీతల్లో పరుగెత్తేవాళ్లలా కాలం వెళ్లదీస్తుండేవారు.

ఒక మధ్యాహ్నం కోడలు ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్లి, కడిగి బోర్లించిన గ్లాసులన్నీ తీసి మళ్లీ కడగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు ఈల టీచరు పేపరు పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఏమైందమ్మాయ్?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే ఆ గ్లాసులేం పాపం చేశాయి? అరిగిపోతాయి, వదిలెయ్."

కోడలు కొళాయి కట్టేసింది కానీ వెనక్కి తిరగలేదు. "పరీక్ష పోయింది" అంది.

పరీక్ష ఉందని ఈల టీచరుకు తెలుసు. అదేదో ప్రమోషను కాగితాల వ్యవహారమనుకుంది. ఆ రోజే మొదటిసారి కూర్చోబెట్టి అడిగింది. కోడలు చెప్పింది. మూడు గ్లాసులు ముందు పెడతారు. సీసా చూపించరు. రంగు చూసి, వాసన చూసి, నోట్లో పోసుకుని, అందులో పులుపెంత, వగరెంత, తీపి ఉందా లేదా, ఏ ద్రాక్షతో చేసి ఉంటారు, ఎంత పాతదై ఉంటుంది, ఇవన్నీ పరీక్ష పెట్టేవాళ్ల మొహం మీద గట్టిగా చెప్పాలి. అది గెలిస్తే కోటుకు పిన్ను పెడతారు. ఆ పిన్నుంటే రెస్టారెంటులో వైను మాటకు ఆమెదే ఆఖరి మాట.

"మరి నీకు రాక పోయిందా, వచ్చీ పోయిందా?" అని అడిగింది అత్త.

కోడలు తలెత్తి చూసింది. అలా అడిగినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. "వచ్చే పోయింది. రెండింటికి ముందు సరిగ్గానే అనుకున్నాను. పరీక్ష పెట్టే ఆయన మొహం చూసి మార్చేశాను."

ఆ మాట ఈల టీచరు గుండెలో ఎక్కడో తగిలింది. ముగింపు గీత దగ్గరికొచ్చాక పక్క గీతలో పిల్ల ఎక్కడుందో అని తల తిప్పి, ఆ తిప్పడంలోనే ఓడిపోయిన అమ్మాయిలు ఆమె చేతి కింద ఎంతమందో! వాళ్ల కాళ్లలో లోపం ఉండేది కాదు.

"ప్రాక్టీసు ఎవరితో చేశావు?"

"ఎవరున్నారు? నేనే పోసుకుని, నేనే చూసుకుని..."

"నీ మొహం. నువ్వే పోసుకుంటే ఏ సీసాలోదో నీకు ముందే తెలుసుగా! కళ్లు తెరుచుకుని దాగుడుమూతలాడినట్టుంది. మావాడు పొయ్యలేడా?"

"ఆయన్ని కూర్చోబెట్టానత్తయ్యా. మొదటి గ్లాసు పోస్తుండగానే ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోనొచ్చింది."

ఈల టీచరు కాసేపు కిటికీలోంచి ఎదుటి మేడ గోడను చూసింది. తర్వాత, మళ్లీ ఆలోచిస్తే మనసు మారుతుందేమోనన్నట్టు గబుక్కున అంది. "రేపట్నించి నేను పోస్తాను. మళ్లీ పరీక్షకి కూర్చుందువు గాని."

రెస్టారెంటులో తెరిచిన సీసాల అడుగున మిగిలింది ఇంటికి పట్టుకెళ్లడానికి పెద్ద స్టూవార్డు ఒప్పుకున్నాడు. శుభ్రంగా కడిగిన దగ్గు మందు సీసాల్లో పోసుకుని, అడుగున అంకె వేసి, ఏ అంకె ఏ వైనో అత్తకు చీటీ రాసి, కోడలు తెచ్చేది. పొద్దున కొడుకు పనిలోకి వెళ్లాక, నోరు ఇంకా వేరే రుచులేవీ ఎరగని వేళ, ఈల టీచరు వంటింట్లో గ్లాసుల్లోకి వొంచి ముందుగదిలోకి తెచ్చేది. మొదట్లో ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని తెచ్చేది.

"దోపిడీకొచ్చినట్టున్నారత్తయ్యా" అంటే, "మాటలు కట్టిపెట్టి పని చూడు" అనేది.

ఒక వారం గడిచేసరికి ఆమెకు జబ్బేమిటో అంతుపట్టింది. కోడలు నోటి నుంచి వచ్చే మొదటి మాట దాదాపు ఎప్పుడూ సరైనదే. ఆ మాట అన్నాక అత్త మొహం వంక చూస్తుంది. చూసి, "కాదేమో" అంటుంది. అక్కడే చెడుతుంది.

"నా మొహంలో ఏం వెతుకుతున్నావు? లేబులేమైనా అంటించుకున్నానా?" అని విసుక్కుని, ఈల టీచరు కుర్చీని గోడ వైపు తిప్పేసి వీపు పెట్టి కూర్చుంది. "చెప్పు. గోడకి చెప్పు. నాకు చెప్పకు."

గోడకు చెప్పడం మొదలయ్యాక తప్పులు తగ్గాయి. కానీ ఇంకో చిక్కు వచ్చి పడింది. ఒకరోజు కోడలు గోడ వైపు చూస్తూ, "వగరెక్కువ, కానీ మెత్తని వగరు" అంది. ఈల టీచరు వీపు తిప్పి చూసింది.

"మెత్తని వగరేమిటి? వగరు వగరే కదా."

"అది... చెప్తే తెలిసేది కాదత్తయ్యా."

ఎగతాళిగా అనలేదు ఆ పిల్ల. ఉన్నమాటే అంది. అయినా ఆ రోజంతా ఈల టీచరుకు ఏ పని మీదా మనసు నిలవలేదు. చెప్తే తెలిసేది కాదు! ఈ మాట తాను పిల్లలతో ఎన్నిసార్లు అని ఉంటుంది? దిగితే గాని లోతు తెలియదని ఊరంతా దండోరా వేసిన మనిషి, గట్టు మీద నిలబడి ఈత నేర్పుతోంది. ఒకవైపు జీవితకాలం పట్టుకున్న నిష్ఠ, ఇంకోవైపు అంతే కాలం పట్టుకున్న నియమం. సాయంత్రం మేడ మీదకు వెళ్లి ఆరిన బట్టలు తీస్తూ కూడా అదే రంధి. చివరికి కోడల్నే అడిగింది.

"పరీక్షలో మింగుతారా?"

"లేదత్తయ్యా. ఉమ్మేస్తారు. మింగితే మూడో గ్లాసుకి నాలుక మొద్దుబారదూ!"

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా" అంది ఈల టీచరు. మర్నాడు బల్ల మీద రెండు వరసల గ్లాసులు పెట్టింది. రెండు వరసల మధ్య ఒక బక్కెట్టు పెట్టింది.

మొదటి గుక్కకు ఆమె మొహం చూడాల్సిందే. కళ్లు మూసుకుని, పెదాలు బిగించి, బక్కెట్టు మీదకు వొంగి ఉమ్మి, మూతి తుడుచుకుని, "ఇదా! ఇందుకా జనం ఇంత ఇదైపోతున్నారు? పులిసిన పళ్లరసంలో టీ డికాషను పోసినట్టుంది" అంది.

కోడలు నొచ్చుకుంటుందనుకుంది. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. "పులుపు, వగరు, రెండూ పట్టేశారు! మొదటి గుక్కకే! నాకు నెల పట్టింది!"

పొగడ్తకు లొంగని మనిషి లోకంలో ఉంటుందేమో గానీ ఆ గదిలో మాత్రం లేదు. ఈల టీచరు గొంతు సవరించుకుని, "సరే, రెండోది ఇలా తే" అంది.

అలా మొదలైంది. గ్లాసును కింద కాడ దగ్గర పట్టుకోవాలని, గిన్నెలా పొదివి పట్టుకుంటే చేతి వేడికి లోపలిది పాడవుతుందని తెలుసుకుంది. గ్లాసును తిప్పితే నిద్రపోతున్న వాసన లేచి కూర్చుంటుందని తెలుసుకుంది. పులుపు ఎక్కువైతే నాలుక పక్కల నీళ్లూరతాయి, వగరు ఎక్కువైతే చిగుళ్లు ఎండిపోయి పెదవి పంటికి అంటుకుంటుంది. మెత్తని వగరంటే ఏమిటో కూడా ఒకరోజు తెలిసింది. గరుకు తువ్వాలుకీ పాత నూలు తువ్వాలుకీ ఉన్న తేడా అది. రెండూ తడి తుడుస్తాయి. ఒకటి ఒరుసుకుంటుంది, ఒకటి ఒరుసుకోదు. ఈ మాట చెప్తే కోడలు, "ఇంత బాగా మా క్లాసులో కూడా ఎవరూ చెప్పలేదత్తయ్యా" అంది. నాలుక పని ఆమెకు తొందరగానే పట్టుబడింది.

ముక్కు దగ్గరే బండి ఆగిపోయింది. ఏ గ్లాసు వాసన చూసినా ఆమెకు రెండే రకాలు: మంచి వాసన, చెడ్డ వాసన. కోడలేమో పుస్తకంలో చదివిన పళ్ల పేర్లన్నీ గడగడా చదివేది.

"బ్లాక్ కరెంట్, గూస్‌బెర్రీ... ఇవి ఎప్పుడైనా తిన్నావా?"

"లేదు."

"కనీసం చూశావా?"

"బొమ్మల్లో."

"చూడని మనిషికి ఆనవాళ్లు చెబుతున్నావన్నమాట. దొంగని పట్టుకోవడానికి పోలీసులకి కూడా ఇంత కష్టం ఉండదు. లే, బజారుకి పోదాం."

అత్తాకోడళ్లిద్దరూ కలిసి బజారుకు వెళ్లడం అదే మొదటిసారి. నిమ్మకాయలు, యాపిళ్లు, మిరియాలు, లవంగాలు, తేనె తెచ్చారు. బేకరీలో వెతికి వెతికి బ్లాక్ కరెంట్ జాము సీసా ఒకటి పట్టారు. మూత తీసి ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ముక్కు పెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఓహో, ఇదా!" అని ఒకేసారి అన్నారు. ఇంటికొచ్చి పెన్సిలు చెక్కిన పొట్టు, తడిపిన సుద్దముక్క కూడా గిన్నెల్లో పెట్టుకున్నారు. కళ్లకు గుడ్డ కట్టుకుని ఏ గిన్నెలో ఏముందో చెప్పే ఆట ఆడారు. ఆ ఆటలో కోడలు చకచకా గెలిచేది. ఈల టీచరు ఒకసారి తేనెను సబ్బు అంది. లవంగాన్ని పంటి డాక్టరు అంది.

"డాక్టరు కాదు, లవంగం" అని కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది.

"అదే. పంటి డాక్టరు దగ్గర ఇదే వాసన. సగం మార్కులెయ్" అని ఈమె పోట్లాడింది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున కోడలు ఒక సంగతి గమనించింది. అత్తయ్య కుర్చీలోంచి లేవడానికి బల్లను రెండు చేతులతో పట్టుకుంటోంది.

"మోకాళ్లకి మందు రాసుకోలేదా?"

"పదకొండు దాటాక రాసుకుంటాలే."

"ఎందుకు?"

"ఆ మందు కంపుకి నీ ముక్కు ఏం పనిచేస్తుంది? పూలహారం పక్కన కిరసనాయిలు డబ్బా పెట్టినట్టు!"

ఎన్నాళ్లనుంచి ఇలా అని అడిగితే ఈల టీచరు గ్లాసులు సర్దడంలో పడింది. మొదటి రోజు నుంచీ అన్నమాట. మర్నాటి నుంచి కోడలు పొద్దున్నే వేడినీళ్ల సంచి తెచ్చి అత్త మోకాళ్ల మీద పెట్టి, ఆ తర్వాతే గ్లాసులు ముట్టుకునేది. వద్దంటే వినేది కాదు.

అంతలో ఒక ముచ్చట జరిగింది. బడి పాత విద్యార్థుల సభకు స్వయంగా పిలుద్దామని హెడ్మాస్టరమ్మ మూడంతస్తులూ ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వస్తే ఏం కనిపించింది? పొద్దున పదింటి వేళ, బల్ల నిండా ఎర్రవీ తెల్లవీ గ్లాసులు, దగ్గు మందు సీసాలు, మధ్యలో బక్కెట్టు. ఒక గ్లాసును వెలుతురుకు పైకెత్తి తదేకంగా చూస్తూ ఈల టీచరు! ఊపిరితిత్తులు జట్టు సొత్తన్న మనిషి!

హెడ్మాస్టరమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. కోడలికి పైప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడు అత్తయ్య ఏం చెబుతుంది? షర్బత్తంటుందా? దగ్గు మందంటుందా?

ఈల టీచరు నోట్లో ఉన్నది తాపీగా ఒకసారి తిప్పి, బక్కెట్టులో ఉమ్మి, లేచి నిలబడింది. "రండి మేడం. మా కోడలు వైను నిపుణురాలు. పెద్ద పరీక్షకి తయారవుతోంది. నేను కోచింగిస్తున్నాను. కూర్చోండి, ఆ కుర్చీ కాదు, అది గోడ వైపు తిప్పి ఉంది."

ఆ మాటల్లో తడబాటు లేదు, సంజాయిషీ లేదు. రాష్ట్ర స్థాయికి వెళ్లిన పిల్లను చూపించినట్టే చూపించింది. కోడలు వంటింట్లోకి వెళ్లి టీ పెడుతూ కళ్లు తుడుచుకుంది. హెడ్మాస్టరమ్మ మొదట ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. టీ తాగింది. వెళ్లే ముందు అటూ ఇటూ చూసి, "ఆ జాము సీసా ఓసారి ఇలా ఇవ్వమ్మా, నేనూ వాసన చూస్తాను" అంది. ఆ సాయంత్రం ఈల టీచరు మెట్లు దిగి దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్లి, అడక్కపోయినా చెప్పింది. "మా కోడలు సూపర్‌వైజరు కాదండీ. వైను రుచి చెప్పే పని. అది అందరికీ వచ్చేది కాదు."

పరీక్ష ఇంకో నెలలోకి వచ్చిందనగా పెద్ద స్టూవార్డు ఒక పాత ఎర్ర వైను సగం సీసా పంపాడు. ఎవరో అతిథి మిగిల్చి వెళ్లిందట. గ్లాసులో పోశాక ఈల టీచరు ముక్కు పెట్టి చూసింది. ఏమీ లేదు. మూసిన తలుపులా ఉంది. "నీ స్టూవార్డు నీళ్లు కలిపి పంపాడేమో" అని గ్లాసు పక్కన పెట్టి, ఇస్త్రీ చేయడానికి వెళ్లింది. కొడుకు చొక్కాలన్నీ అయ్యాక, బల్ల తుడుద్దామని వచ్చి, ఆ గ్లాసు తీస్తూ ఊరికే మళ్లీ వాసన చూసింది.

అలాగే నిలబడిపోయింది.

ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాది బడికి మొట్టమొదటిసారిగా కొత్త ఫుట్‌బాళ్లు వచ్చాయి. ఆడపిల్లలకి ఫుట్‌బాలెందుకని అడ్డుపడ్డవాళ్లతో ఆమె ఏడాది పొడుగునా పోట్లాడి తెప్పించింది. చెక్కపెట్టె మూత తీయగానే గదినిండా పరుచుకుంది తోలు వాసన. దాని వెనక చెక్క వాసన, దాని వెనక ఎక్కడో బయట తడిసిన మైదానం వాసన. అప్పుడామెకు ఇరవై రెండేళ్లు. మోకాళ్లు రెండూ బంగారంలా ఉండేవి. ఆ పెట్టె ముందు మోకరిల్లి, ఒక బంతిని రెండు చేతులా తీసుకుని మొహానికి ఆనించుకుంది. ఆ సంగతి ఆమె ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆమెకే గుర్తు లేదు.

"అమ్మాయ్" అని పిలిచింది. కోడలు పరుగున వచ్చింది. "ఇందులో తోలుంది. కొత్త తోలు. చెక్క కూడా. నేనేదో వాగుతున్నానేమో చూడు."

కోడలు గ్లాసు అందుకుని వాసన చూసింది. రెండోసారి చూసింది. "తోలే అత్తయ్యా. పాత ఎర్ర వైనులో ఉంటుందని చదివాను. నాకు ఇంతదాకా ఒక్కసారి కూడా దొరకలేదు. ఇప్పుడు మీరంటే..." ఆగి, ఇంకోసారి చూసి, "దొరికింది!" అని అరిచినంత పని చేసింది.

ఈల టీచరు కుర్చీలో కూర్చుని ఫుట్‌బాళ్ల పెట్టె కథంతా చెప్పింది. కోడలు నేల మీద కూర్చుని వింది. కొడుకు మధ్యాహ్నం భోజనానికొచ్చేసరికి ఇంట్లో వంట లేదు. ఇద్దరాడవాళ్లు ఒక ఖాళీ గ్లాసును ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని వాసన చూసుకుంటున్నారు. "మీ ఇద్దరికీ ఏమైంది?" అన్నాడు వాడు. ఇద్దరూ వాడి ముక్కు కింద గ్లాసు పెట్టారు. "గ్రీజు" అన్నాడు. వాడిని రొట్టె తెచ్చుకోమని కిందకు పంపేశారు.

పరీక్ష రోజు ఈల టీచరు వెంట వెళ్లింది. పరీక్ష ఒక హోటలు శిక్షణ సంస్థలో. పొడుగాటి వరండాలో చెక్క బెంచీ మీద, తలుపుకు ఎదురుగా వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. లోపలికి వెళ్లబోతూ కోడలు ఆగింది. ఏదైనా చెబుతుందేమోనని చూసింది. ఈల టీచరు చివరి నిమిషంలో పాఠాలు చెప్పే రకం కాదు. "వెళ్లిరా" అంది, అంతే.

బయట కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. ఎన్ని పోటీల్లో గీత బయట నిలబడలేదు! అయినా అప్పుడు కనీసం పరుగు కంటికి కనిపించేది. ఇక్కడ మూసిన తలుపు తప్ప ఏమీ లేదు. ఒకాయన బయటికి వచ్చి నీళ్ల జగ్గు తీసుకుని మళ్లీ లోపలికి పోయాడు. ఎక్కడో గ్లాసు పగిలిన చప్పుడైంది. ఆమె బెంచీ మీంచి సగం లేచింది. కోడలి చేతిలోది కాదని తర్వాత తెలిసింది.

తలుపు తెరుచుకుని కోడలు వచ్చింది. మొహం ఎర్రగా ఉంది. పక్కన కూర్చుని గట్టిగా ఊపిరి వదిలింది.

"మొదటి రెండూ గడగడా చెప్పేశానత్తయ్యా. మూడోది ఏ ద్రాక్షో అంతు చిక్కలేదు. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు."

"నువ్వేం చేశావు?"

"ఆయన వెనక గోడుంది కదా. గోడకి చెప్పాను. ఏ ద్రాక్షో నాకు రూఢిగా తెలీదండీ, గ్లాసులో ఏముందో మాత్రం చెప్తానన్నాను. పులుపు ఎక్కడ మొదలైంది, వగరు ఎక్కడిదాకా వెళ్లింది, అన్నీ చెప్పాను. ఒక్క మాట కూడా మార్చలేదు."

"మరి ఆయన?"

"ఏదో రాసుకున్నాడు."

ఈల టీచరు చాలాసేపు కోడలి చేతిని తన చేతిలో పట్టుకుని కూర్చుంది. ఫలితం రాకముందే ఆమెకు గర్వంగా అనిపించింది. తల తిప్పకుండా గీత దాటిన పిల్ల మొదట వచ్చిందా రెండో స్థానంలో వచ్చిందా అన్నది ఆమెకు ఎప్పుడూ తర్వాతి సంగతే.

ఫలితం వచ్చింది. నెగ్గింది. అందరికంటే మొదటేమీ కాదు, మధ్యలో ఎక్కడో. మూడో గ్లాసుకు ద్రాక్ష పేరు చెప్పకపోయినా, రుచి చెప్పిన తీరుకు మంచి మార్కులు పడ్డాయి. పిన్ను పెట్టిన రోజు కోడలు కోటుతోనే ఇంటికొచ్చి అత్త ముందు నిలబడింది. ఈల టీచరు ఆ పిన్ను కొంచెం వంకరగా ఉందని సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, "నిటారుగా నిలబడు" అంది.

ఆ నెలలోనే కోడలు అత్తనూ మొగుణ్నీ రెస్టారెంటుకు పిలిచింది. కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, హోటలు లిఫ్టులో పైకి వెళ్తూ చెవి గోడకు ఆనించి, "అమ్మా, దీని బేరింగు పోయేట్టుంది" అన్నాడు. "ఇవాళ సెలవు పుచ్చుకోరా" అంది ఆమె.

తెల్లటి గుడ్డ పరిచిన బల్ల దగ్గరికి కోడలు నల్ల కోటులో వచ్చి, మిగతా అతిథులతో మాట్లాడినట్టే, "నమస్కారం మేడం. ఇవాళ్టి భోజనంలోకి ఒక మంచి తెల్ల వైను సూచించమంటారా?" అంది. ఈల టీచరు కూడా తక్కువ తినలేదు. "సూచించండి చూద్దాం" అంది గంభీరంగా. నీళ్లు తాగబోయిన కొడుక్కి పొలమారింది.

అక్కడ బక్కెట్టు లేదు. ఆమె గ్లాసును కాడ దగ్గర పట్టుకుంది. తిప్పింది, వాసన చూసింది, నోట్లో నిలిపింది. జీవితంలో మొదటిసారి మింగింది. కొండలేమీ విరిగి పడలేదు. కాసేపు ఆలోచించి, "మంచి సరుకే. నిమ్మతొక్క ఉంది, తడిసిన సుద్ద ఉంది, పులుపు చక్కగా ఉంది. కానీ నాకు నచ్చలేదు" అంది.

పక్క బల్ల వాళ్లు తిరిగి చూశారు. కొడుకు "అమ్మా!" అని గొణిగాడు. కోడలి మొహం మాత్రం దీపం వెలిగించినట్టయింది. మంచిదేదో గుర్తుపట్టడం సగం చదువు. మంచిదని తెలిసీ, నాకిది కాదు, ఇంకోటి కావాలని చెప్పగలగడం మిగతా సగం. ఈ మాట కోడలు తన కింద పనిచేసేవాళ్లకు ఇప్పటికీ చెబుతుంది. అప్పుడు మాత్రం నేరుగా వెళ్లి, తేలికపాటి ఎర్ర వైనొకటి కొంచెం చల్లబరిచి తెచ్చింది. ఈల టీచరు ఒక గుక్క తాగి, తలాడించి, గ్లాసు దగ్గరికి జరుపుకుంది.

పెద్ద స్టూవార్డు దూరం నుంచి ఇదంతా చూసి, కోడలి చెవిలో, "ఎవరావిడ? పత్రికల్లో రాసేవాళ్లా?" అని అడిగాడు.

"మా అత్తగారండీ. నా కోచ్" అంది కోడలు. మెల్లగా అనాల్సిన మాటే, గట్టిగా అంది. ఈల టీచరు వినపడనట్టే భోజనం చేసింది. మెడ మాత్రం ఇంకో అంగుళం పొడుగైంది.

ఇప్పుడు ఆ రెస్టారెంటులో వైను వ్యవహారమంతా కోడలి చేతి మీదుగానే నడుస్తోంది. కొత్తగా చేరినవాళ్లు సెలవు రోజు పొద్దున ఆ మూడంతస్తులూ ఎక్కి ప్రాక్టీసుకు వస్తారు. వాళ్లకు పోసేది ఈల టీచరే. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆమె తన కోసం ఒక గ్లాసు, ఆ తేలికపాటి ఎర్రదే, చల్లగా పోసుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఒక గ్లాసంటే ఒకటే. రెండోది ఎవరు పోయబోయినా చెయ్యి అడ్డం పెడుతుంది.

మొన్నీమధ్య వీధిలో పాత విద్యార్థిని ఒకామె ఎదురుపడింది. ఇద్దరు పిల్లల తల్లి. అలవాటుగా వెన్ను నిటారుగా పెట్టి నిలబడి, "టీచర్, మీరు వైను తాగుతున్నారటగా! హెడ్మాస్టరమ్మ చెప్తే నేను నమ్మలేదు" అంది.

"నమ్ము" అంది ఈల టీచరు.

ఆమె కాస్త తటపటాయించి, పెళ్లిరోజుకు మంచి సీసా ఒకటి కొనాలనుందని, ఏది కొనాలో తెలియడం లేదని అడిగింది. ఈల టీచరు చేతిసంచీ కింద పెట్టి, భోజనంలో ఏం వండుతున్నారు, మీ ఆయనకి పులుపంటే ఇష్టమా, వగరంటే ఇష్టమా అని ఆరా తీసింది. నడివీధిలోనే గాలిలో గ్లాసు తిప్పి చూపించింది. చివరికి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని హోటలు వైపు తిప్పింది.

"నాకు తెలిసింది గోరంత. నాకు నేర్పిన మనిషి దగ్గరికే తీసుకెళ్తా, పద. మా కోడలు. ఈ వేళకి డ్యూటీలో ఉంటుంది."